కమ్ టేస్ట్ ద బ్యాండ్: దీన్ని డీప్ పర్పుల్ ఆల్బమ్ కింద లెక్కేస్తారా లేదా?

పర్లాకిమిడి_రిఫ్:
అందరికీ నమస్కారం, మాది పర్లాకిమిడి. ఇంగ్లండ్ రాక్ బ్యాండు డీప్ పర్పుల్ ఆల్బమ్‌లంటే నాకు ఇన్ రాక్, మెషీన్ హెడ్, మహా అయితే బర్న్, అక్కడితో ఆపేసేవాణ్ణి. ఈ మధ్య 1975లో వచ్చిన కమ్ టేస్ట్ ద బ్యాండ్ పట్టుకున్నాను, గుణుపూర్ పాసింజర్ ఎక్కితే ఇదే చెవిలో మోగుతోంది. నచ్చిందా అంటే నచ్చినట్టే ఉంది కానీ పర్పుల్ వింటున్నట్టు మాత్రం లేదు, గిటారిస్టు బ్లాక్‌మోర్ లేడు, పాత గాయకుడు గిలన్ ఎలాగూ లేడు, జాన్ లార్డ్ ఆర్గన్ ఎక్కడో వెనక్కెళ్ళిపోయింది. మా అన్నయ్య కేసెట్ల కాలం మనిషి, అది పర్పుల్ కాదురా, పేరు అరువు తెచ్చుకున్న ఇంకో బ్యాండు అని ఒక్క ముక్కలో కొట్టిపారేసాడు. మీరేటంటారు?

బరంపురం_భాయినా:
మీ అన్నయ్య చెప్పిందే రైటు గురూ. పర్పుల్ అంటే గిటారూ ఆర్గనూ ఒకదాన్నొకటి తరుముకోవాలి, అది ఇందులో లేదు. జనం కూడా అలాగే తీర్పిచ్చారు, ఇంగ్లండ్ చార్టులో బర్న్ 3 దాకా ఎక్కింది, స్టార్మ్‌బ్రింగర్ 6 దాకా, ఇదొచ్చి 19 దగ్గర ఆగిపోయింది. బ్లాక్‌మోర్ బదులొచ్చిన టామీ బోలిన్ మంచి గిటారిస్టే, కాదనను, కానీ ఆ కుర్చీ ఆయనది కాదు.

గుణుపూర్_బేస్‌గాడు:
భాయినా, చార్టు సంగతి సరే, కానీ తప్పంతా బోలిన్ మీదకి తోసెయ్యడం ఏటి? తేదీలు చూడండి ఓసారి. బేస్ వాయించే గ్లెన్ హ్యూస్, గాయకుడు కవర్‌డేల్ బ్యాండులోకి వచ్చింది 1973లో, ఫంక్, సోల్ సంగీతాల వాసన అప్పట్నించే మొదలైంది, 1974 స్టార్మ్‌బ్రింగర్‌లో అది బాగా ముదిరింది, అది గిట్టకే కదా బ్లాక్‌మోర్ బయటికెళ్ళి రెయిన్‌బో అని సొంత బ్యాండు పెట్టుకున్నది, ఆ రెయిన్‌బో మొదటి ఆల్బమ్ 1975 ఆగస్టుకే వచ్చేసింది, ఇది అక్టోబర్‌లో. అంటే బోలిన్ వచ్చేసరికే ఇల్లు మారిపోయి ఉంది, ఆయనొచ్చి మార్చలేదు. పైగా ఆయన డ్రమ్మర్ బిల్లీ కాబమ్ ఆల్బమ్ స్పెక్ట్రమ్‌లో వాయించిన మనిషి, ఆ జాజ్ ఫ్యూజన్ చెయ్యి తెలిసే కదా పిలిచారు, మళ్ళీ బ్లాక్‌మోర్‌లా వాయించలేదని ఏడిస్తే ఎలా?

నేను బేస్ వాయిస్తాను కాబట్టి నా లెక్క వేరే అనుకోండి. గెట్టిన్ టైటర్ పాట ఒక్కటి చాలు నాకు, హ్యూస్ పాడుతూ ఆ బేస్ లైను లాగుతుంటే వెనక డ్రమ్మర్ ఇయన్ పేస్ ఎంత తేలిగ్గా ఊపుతాడో వినండి, మెషీన్ హెడ్‌లో పేస్ గొప్పోడే కానీ ఇలా ఒళ్ళు వదిలేసి వాయించే చోటు అక్కడ ఆయనకి దొరకలేదు. ఇంకో తమాషా, మొదటి పాట కమిన్ హోమ్‌లో బేస్ హ్యూస్‌ది కాదు, అది కూడా బోలినే వాయించాడు. చివరి పాట యూ కీప్ ఆన్ మూవింగ్ అయితే బ్లాక్‌మోర్ ఉండగానే హ్యూస్, కవర్‌డేల్ కలిసి రాసుకున్నది, అప్పుడాయన వద్దన్నాడు. ఆయన వద్దన్న పాటే ఈ ఆల్బమ్‌కి ప్రాణం. లార్డ్ ఆర్గన్ వెనక్కెళ్ళిందన్నది మాత్రం ఒప్పుకుంటా, కానీ దిస్ టైమ్ అరౌండ్ రాత్రిపూట ఇయర్‌ఫోన్లో వినండి, అందులో హ్యూస్ గొంతూ లార్డ్ కీబోర్డులూ తప్ప ఇంకేం లేవు.

కాలేజీ ఫంక్షన్లలో మా వాళ్ళు స్మోక్ ఆన్ ద వాటర్ తప్ప ఇంకోటి ముట్టనివ్వరు, పర్పుల్ అంటే ఆ నాలుగు నోట్లే అనుకుంటారు, ఏం చేస్తాం.

రాయగడ_వినికిడి:
ఆల్బమ్‌కి చెడ్డపేరు తెచ్చింది ఆల్బమ్ కాదు, తర్వాత జరిగిన టూరు. బోలిన్‌కి హెరాయిన్ అలవాటు, హ్యూస్‌కి కొకెయిన్. 1975 డిసెంబర్‌లో జపాన్ వెళ్ళేసరికి బోలిన్ చెయ్యి సరిగా ఆడలేదు, గిటార్ వాయించాల్సిన చోట్ల లార్డ్ ఆర్గన్‌తో పూడ్చుకొచ్చాడు. ఆ లైవ్ రికార్డు కూడా బయటికొచ్చింది, అది విన్నవాళ్ళంతా బోలిన్ ఇంతే అనేసుకున్నారు. 1976 మార్చిలో లివర్‌పూల్ షో అయ్యాక బ్యాండే మూతపడింది, డిసెంబర్ 4న మయామీలో ఆయన పోయాడు, 25 ఏళ్ళే. ముందు రోజు రాత్రి గిటారిస్టు జెఫ్ బెక్ షోకి ఓపెనింగ్ వాయించాడు. కాబట్టి స్టూడియోలో చేసింది వేరు, స్టేజీ మీద జరిగింది వేరు, రెండూ కలిపి తూచకండి.

బరంపురం_భాయినా:
టూరు సంగతి పక్కన పెట్టినా ఐ నీడ్ లవ్, లవ్ చైల్డ్ లాంటివి ఏ బ్యాండు పేరు పెట్టి విన్నా మామూలు పాటలే. డీలర్, యూ కీప్ ఆన్ మూవింగ్ వరకు సరే, ఒప్పుకుంటున్నా. మిగతాది మీ బేస్‌వాళ్ళకి వదిలేసాను 😄

పర్లాకిమిడి_రిఫ్:
డీలర్‌లో సోలో మాత్రం అదరగొట్టాడు, అందులో మధ్యలో పాడిన గొంతు కూడా బోలిన్‌దేనట, నిన్ననే చదివాను. సరే బేస్‌గాడూ, 2010లో ప్రొడ్యూసర్ కెవిన్ షిర్లీ చేసిన రీమిక్స్ ఉంది కదా, వినాలంటే అది వినాలా పాతదే వినాలా?

గుణుపూర్_బేస్‌గాడు:
ముందు పాతది విను, మ్యూనిక్‌లో ప్రొడ్యూసర్ మార్టిన్ బర్చ్‌తో కలిసి చేసిన సౌండు అదీ. తర్వాత రీమిక్స్ పెట్టుకో, రెండూ పక్కపక్కన వింటే తేడా నీకే తెలుస్తుంది. రెండూ విన్నాక మీ అన్నయ్యకి పేరు చెప్పకుండా గెట్టిన్ టైటర్ వినిపించి చూడు, ఏమన్నాడో ఇక్కడ రాయి.