అమ్మ వట్టి కాళ్లతో నడవగలిగే బీచ్ కోసం స్పెయిన్ వెళ్దామనుకుంటున్నాం, సలహా ఇవ్వండి

ఒంగోలు టీచర్:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అబ్బాయి వాలెన్సియాలో ఎం.ఎస్. చేస్తున్నాడు. వచ్చే ఏడాదితో చదువు అయిపోతుంది, ఈలోపు అమ్మమ్మని ఒక్కసారి తీసుకురా అని ఫోన్ చేసినప్పుడల్లా అంటున్నాడు. అమ్మకి 68 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. మోకాళ్లు కూడా అంతంత మాత్రం.

ఏం చూస్తావమ్మా అని అడిగితే ఒకటే మాట చెప్పింది. సముద్రం ఒడ్డున చెప్పులు లేకుండా నడవాలట. కోటలూ, పెద్ద బజార్లూ ఏమీ వద్దంది.

ఆ కోరిక ఎందుకో చెప్పాలి. అమ్మ పుట్టిల్లు కొత్తపట్నం పక్కన పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచి కార్తీక పౌర్ణమి సముద్ర స్నానం మానలేదు. మూడేళ్ల కిందట రద్దీ ఎందుకులే అని పౌర్ణమి వెళ్లిన రెండోరోజు తీసుకెళ్లాను. ఒడ్డంతా జనం తిని వదిలేసిన విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు. అమ్మ ఎప్పటిలాగే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పూజగదిలోకి వెళ్లింది. మా ఇంట్లో నేలంతా చీమకుర్తి నల్ల గ్రానైట్, దాని మీద ఏమీ కనబడలేదు. దేవుడి ముందు పరిచిన తెల్ల తువ్వాలు మీద అడుగేసింది, అప్పుడు చూశాను ఎర్రటి మచ్చ. తనకి నొప్పే తెలియలేదు. బొటనవేలి కింద బొబ్బరిగింజంత సీసా పెంకు.

మొదట చూపించిన చోట పెంకు తీసి, కుట్టువేసి పంపేశారు. లోపల ఇంకో ముక్క ఉందని పది రోజుల తర్వాత వేరే డాక్టర్ ఎక్స్‌రే తీయిస్తే తెలిసింది. అప్పటికే చీము పట్టింది. వేలు తీసేయాల్సి వస్తుందేమో అన్నారు. దేవుడి దయ వల్ల వేలు దక్కింది గానీ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. రోజూ బడికి బయల్దేరే ముందు నేనే కట్టు విప్పి, కడిగి, మళ్లీ కట్టేదాన్ని. అప్పటి నుంచి అమ్మ సముద్రం దగ్గరికి రాలేదు.

మా వాడు బెనిడోర్మ్ అనే ఊరు చెబుతున్నాడు. అక్కడి లెవాంతే బీచ్‌కి బ్లూ ఫ్లాగ్ అని శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే గుర్తింపు ఉందట, ఇసుక మెత్తగా ఉంటుందట. మాకు సెలవులు వేసవిలోనే ఎక్కువ కాబట్టి మే నెలాఖరు అనుకుంటున్నాను. అది సరైన సమయమేనా? అమ్మ చీరలోనే నీళ్లలోకి దిగుతుంది, అక్కడ ఎవరైనా ఏమన్నా అంటారా? తెల్లవారుజామున స్నానం చేయడం అలవాటు. నీళ్లలో అడుగుపెట్టే ముందు గంగమ్మకి పసుపు కుంకుమ, పూలు ఇస్తుంది. అది కుదురుతుందా? అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడైనా అమ్మ భయం లేకుండా నడవగలదా?

కావలి అబ్బాయి, అలికాంతే నుంచి:

అక్కా, మాది కావలి. ఆరేళ్లుగా అలికాంతేలో పనిచేస్తున్నా. బెనిడోర్మ్ మాకు బస్సులో గంటలోపే, కాబట్టి చూసినదే చెప్తాను.

ముందు మే నెల సంగతి. మే నెలాఖరుకి ఇక్కడ ఎండ బాగానే ఉంటుంది గానీ సముద్రం ఇంకా చల్లగా ఉంటుంది, 20 డిగ్రీలు అటూ ఇటూ. మన తుమ్మలపెంటలో 28, 29 డిగ్రీల నీళ్లకి అలవాటు పడిన ఒళ్లు అది. మొదటి ఏడాది నేను మోకాలి లోతు దిగి వెనక్కి వచ్చేశా. సముద్రం నిదానంగా వేడెక్కుతుంది, నిదానంగానే చల్లారుతుంది. ఆగస్టులో 26 దాకా వెళ్తుంది, కానీ అప్పుడు జనం తిరనాళ్లలా ఉంటారు, హోటల్ రేట్లు మండిపోతుంటాయి. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో నీళ్లు 23, 24 ఉంటాయి, ఎండ తగ్గుతుంది, జనం పలచబడతారు. మీకు దసరా సెలవులు ఉంటాయి కదా అక్కా, వాటికి నాలుగు రోజులు లీవు కలుపుకుని అప్పుడు రండి. పెద్దమ్మకి అదే సుఖం.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ తీరంలో శరత్కాలంలో ఒక్కోసారి కుండపోత వానలు పడతాయి. 2024 అక్టోబర్ 29న వాలెన్సియా చుట్టుపక్కల వరదలొచ్చి రెండొందల మందికి పైగా చనిపోయారు. ఫోన్‌కి వాతావరణ హెచ్చరిక వస్తే ఆ రోజు గది దాటొద్దు. పెద్ద వాన తర్వాత రెండు రోజులు నీళ్లలోకి దిగొద్దు, ఊళ్లో మురికంతా కాలువల వెంట సముద్రంలోకే వస్తుంది.

లెవాంతే అంటే పొద్దు పొడిచే దిక్కు. ఊరికి రెండో పక్క బీచ్ పేరు పోనియెంతే, అంటే పొద్దు కుంకే దిక్కు. మధ్యలో గుట్టలాంటి రాతి మీద పాత ఊరు. లెవాంతే రెండు కిలోమీటర్లు ఉంటుంది, సన్నటి ఇసుక. రాత్రిపూట ట్రాక్టర్లు తిరుగుతూ ఇసుక జల్లెడ పడతాయి. నేను ఒకసారి ఆఖరి బస్సు తప్పిపోయి, గట్టు మీద కూర్చుని చూశా. ట్రాక్టర్ వెనక జల్లెడలో సిగరెట్ పీకలు, సీసా మూతలు, ఒక చిన్నపిల్ల చెప్పు మిగిలాయి. ఇసుక మన ఇంట్లో పిండి జల్లించినట్టు కింద పడుతోంది.

అర్ధరాత్రి నుంచి పొద్దున ఏడు దాకా నీళ్లలోకి దిగకూడదు, జరిమానా వేస్తారు. అయితే పెద్దమ్మకి ఇబ్బంది లేదు. అక్టోబర్‌లో ఇక్కడ సూర్యోదయమే ఎనిమిదింటికి. ఏడున్నరకి వెళ్తే ఒడ్డు ఖాళీగా ఉంటుంది, మన కార్తీక స్నానం వేళలాగే. చీర గురించి బెంగ వద్దు, బీచ్‌లో ఎవరూ పట్టించుకోరు. హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో మాత్రం ఈత బట్టలే వేసుకోమంటారు. మధ్యాహ్నం పూట ఆడవాళ్లు కొందరు పైన బట్ట లేకుండా పడుకుంటారు, ఇక్కడ అది మామూలు విషయం. ముందే చెప్పి తీసుకురండి, చూసి కంగారు పడకుండా ఉంటుంది. పూలు, దీపం దొన్నెలు నీళ్లలో వదలొద్దు. పసుపు కుంకుమ నుదుట పెట్టుకుని దణ్ణం పెట్టుకోమనండి.

మోకాళ్లు అన్నారు కాబట్టి ఇంకోటి. లెవాంతేలో నడవలేని వాళ్ల కోసం ఒక పాయింట్ ఉంది. ఇసుక మీద చెక్క దారి వేసి ఉంటుంది, నీళ్లలో తేలే చక్రాల కుర్చీ ఉంటుంది. అక్కడి సిబ్బంది ఆ కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లలోకి తీసుకెళ్తారు. ఆ సేవ సీజన్‌ని బట్టి ఉంటుంది, తేదీలు మీ అబ్బాయితో టూరిస్ట్ ఆఫీసులో అడిగించండి.

వీసా షెంగెన్, అంటే స్పెయిన్‌తో పాటు యూరప్‌లో చాలా దేశాలకి పనికొచ్చే ఒకే వీసా. పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, ఆఖరి నెల దాకా ఆగొద్దు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఏజెంట్ చూపించిన చౌక పాలసీ తీసుకోకుండా, షుగర్ ఉన్నట్టు ముందే రాసి, దాని వల్ల వచ్చే ఇబ్బందికి కూడా వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి. మీ వాడి గదిలో ఉంటామని రాస్తే పోలీసుల దగ్గర ఆహ్వాన పత్రం తీసుకోవాలి. హోటల్ బుకింగ్ చూపించడమే తేలిక.

నెల్లూరు స్టాఫ్ నర్స్:

మేడం గారూ, నేను నెల్లూరులో డయాబెటిక్ ఫుట్ వార్డులో పనిచేస్తాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరు నాలుగు నెలలు కట్టు కట్టారు చూడండి, ఆ వేలు దక్కింది అందుకే.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. అమ్మగారిని వట్టి కాళ్లతో నడిపించకండి. బీచ్ ఎంత శుభ్రమైనా సరే. సీసా పెంకు గుచ్చుకున్నా తెలియలేదంటే పాదాల్లో స్పర్శ పోయిందని అర్థం. అలాంటి పాదానికి సీసా ఒక్కటే శత్రువు కాదు. మధ్యాహ్నం ఇసుక వేడికి బొబ్బలెక్కుతాయి, అదీ తెలియదు. మే నెలలో గుడి చుట్టూ బండల మీద ప్రదక్షిణ చేసి, అరికాలు చర్మం ఊడిపోయి వచ్చినవాళ్లని ప్రతి ఏడాదీ చూస్తాను. అందరూ అనే మాట ఒకటే, కాలిందని తెలియలేదమ్మా అని.

పైగా బెనిడోర్మ్ ఉన్న మధ్యధరా సముద్రంలో ఇసుకలో పూడుకుని ఉండే ఒక చిన్న చేప ఉంది, స్పానిష్‌లో పెస్ అరాన్యా అంటారట. దాని వెన్ను ముల్లులో విషం ఉంటుంది, మన జెల్ల ముల్లు గుచ్చుకున్నట్టే. దానికి వేడినీళ్లలో కాలు పెట్టడం చికిత్స. స్పర్శ లేని వాళ్లకి ఆ వేడినీళ్లే కాలిపోయేలా చేస్తాయి, కాబట్టి నీళ్ల వేడి మీ చేత్తో మీరు చూడాలి. ఆవిడ కాలితో చూసుకోనివ్వొద్దు.

నీళ్లలో వేసుకునే బూట్లు దొరుకుతాయి, వాటర్ షూస్ అంటారు. పైన సాగే గుడ్డ, కింద రబ్బరు అట్ట. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త వాచి అసలు సైజు తెలుస్తుంది. ప్రయాణానికి రెండు నెలల ముందే కొని, మొదట ఇంట్లో పది నిమిషాలు, తర్వాత ఇరవై, అలా అలవాటు చేయండి. విప్పిన ప్రతిసారీ ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి. సముద్రం నుంచి వచ్చాక లోపల ఇసుక పూర్తిగా దులిపి, పాదాలు మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో ఒత్తండి. పాత పుండు చోట చర్మం పలచగా ఉంటుంది, అక్కడ మరీ జాగ్రత్త.

ఇన్సులిన్ చెకిన్ సామానులో వేయకండి, విమానం కింద గడ్డకట్టి పాడైపోవచ్చు. చేతి సంచిలో, డాక్టర్ చీటీతో పాటు పెట్టుకోండి. అక్టోబర్‌లో అక్కడ టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. డోసు ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి.

మైపాడు హేచరీ టెక్నీషియన్:

నేను రొయ్యల హేచరీలో నీళ్లు టెస్ట్ చేసే పని చేస్తాను. బ్లూ ఫ్లాగ్ అంటే ఏంటో చెప్తా.

అది 1985లో ఫ్రాన్స్‌లో మొదలై, 1987 నుంచి యూరప్ అంతా ఇస్తున్నారు. మన రుషికొండకి 2020లో వచ్చింది. ఒకసారి ఇస్తే శాశ్వతం కాదు, ఏటా మళ్లీ సంపాదించుకోవాలి. మొత్తం 33 షరతులు. వాటిలో నాకు నచ్చేది నీళ్ల పరీక్ష. సీజన్ అంతా శాంపిల్స్ తీసి ఈ.కోలి, ఎంటెరోకాకై అనే బాక్టీరియా లెక్కపెడతారు. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి 250, ఎంటెరోకాకై 100 దాటకూడదు. ఇవి మనుషుల, పశువుల మలం నుంచి వచ్చేవి కాబట్టి మురుగునీరు కలుస్తోందో లేదో వీటితోనే తెలుస్తుంది. ఫలితాలు బీచ్‌లో బోర్డు మీద పెట్టాలి. మీ అబ్బాయిని ఆ బోర్డు చదివి చెప్పమనండి.

ఇంకోటి కూడా అనాలనిపించింది. అక్కడి నీళ్లు అద్దంలా ఉంటాయి, మనవి బురదగా ఉంటాయి, కాబట్టి మనవి మురికివని అమ్మగారు అనుకుంటారేమో. అలా కాదు. మన సముద్రానికి గోదావరి, కృష్ణ, పెన్న ఒండ్రు మోసుకొస్తాయి. ఆ ఒండ్రుతో పాటు వచ్చే పోషకాల వల్లే నాచు పెరుగుతుంది, చేపలకి మేత దొరుకుతుంది. మధ్యధరాలో ఆ పోషకాలు తక్కువ, అందుకే నీళ్లు తేట. ఉప్పు మాత్రం ఎక్కువ, లీటరుకి 38 గ్రాముల దాకా. కాలికి చిన్న గీత ఉన్నా మంట పుడుతుంది, స్పర్శ ఉన్నవాళ్లకి. అమ్మగారికి అది కూడా తెలియదు కాబట్టి దిగే ముందు పాదాలు చూడండి.

అక్కడ ఒడ్డున గోధుమరంగు ఆకులు కుప్పలుగా కనిపిస్తే చెత్త అనుకోవద్దు. అది పొసిడోనియా ఓషియానికా అనే సముద్రపు గడ్డి, ఆ రకం ఆ సముద్రంలో తప్ప ఇంకెక్కడా పెరగదు. అలలకి ఇసుక కొట్టుకుపోకుండా ఆ కుప్పలే కాపాడతాయి.

ఒంగోలు టీచర్:

అందరికీ చేతులెత్తి దణ్ణం. జవాబు ఆలస్యమైంది, చెప్పింది చేసి చూసి రాద్దామని ఆగాను.

నర్సమ్మ గారూ, మీ మాట చదివినప్పుడు బాధేసింది. అమ్మ అడిగింది ఒక్కటే, అదీ కుదరదని ఎలా చెప్పాలి అని రెండు రోజులు నోరు విప్పలేదు. చివరికి మీ జవాబు యథాతథంగా చదివి వినిపించాను. అంతా విని, సరే ఆ బూట్లు తెప్పించు అంది. అంతే.

మూడు వారాలు ఇంట్లో అలవాటు చేశాం. మొదటి జత చిటికెన వేలి పక్కన ఎర్రగా చేసింది, మార్చి ఒక సైజు పెద్దది తెప్పించాను. మొన్న ఆదివారం పొద్దున్నే కొత్తపట్నం తీసుకెళ్లాను. మూడేళ్ల తర్వాత. ముందు నేను వంద అడుగులు నడిచి, కంటికి కనిపించిన సీసాలు ఒక గోతంలో ఏరాను, ఎనిమిది దొరికాయి. తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుని నీళ్ల దాకా తీసుకెళ్లాను. అల వచ్చి పాదాల మీదుగా వెళ్లింది, బూట్ల గుడ్డలోంచి నీళ్లు లోపలికి పోయాయి. అమ్మ కిందకి చూసుకుని, చల్లగా ఉందే పాపా, మడమ దగ్గర తెలుస్తోంది అంది. వేళ్ల దగ్గర తెలియడం లేదంది. మళ్లీ అల వచ్చే దాకా అక్కడే నిలబడింది, మడమ మీద బరువు వేసి.

కావలి తమ్ముడూ, దసరాకే ఖాయం చేశాం. ఆ కుర్చీ సంగతి మా వాడు కనుక్కుంటున్నాడు. పెద్దమ్మ అన్నావు కదా, అమ్మ నిన్ను చూడాలంటోంది. వచ్చేటప్పుడు మీ ఇంట్లోవాళ్లు ఏమైనా పంపిస్తే తెస్తాం, పచ్చళ్లు ఎంతవరకు తేవచ్చో చెప్పు. అమ్మ పాస్‌పోర్టుకి శుక్రవారం స్లాట్ దొరికింది.