గజ్జల్లో ఉబ్బు కంటికి కనిపిస్తుంటే స్కాన్ దేనికి?

గోదారిగట్టు: మా నాన్నకి 62 ఏళ్ళు. ఎడమ గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు. బియ్యం బస్తా ఎత్తితే బయటికొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. సర్జన్ గారు నిలబెట్టి, చెయ్యి పెట్టి, దగ్గమన్నారు. ‘హెర్నియా’ (పొట్ట గోడ బలహీనమైన చోట పేగో కొవ్వో బయటికి పొడుచుకురావడం) అని అప్పుడే చెప్పేశారు. మరి బయటికి రాగానే కౌంటర్‌లో అల్ట్రాసౌండ్ స్కాన్‌కి 1,400 కట్టమన్నారు. తెలిసిన జబ్బుకి మళ్ళీ ఫోటో ఎందుకండీ? అడిగితే ‘ప్రొటోకాల్’ అన్నారు. ఇక్కడ తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

కత్తీకుట్టూ: నేను సర్జన్‌ని. మీరు చెప్పినట్టే ఉంటే అక్కర్లేదు. 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా అదే అంటాయి: ఉబ్బు స్పష్టంగా ఉంటే పరీక్ష చాలు, అనుమానం ఉంటేనే స్కాన్. నిజం చెప్పాలంటే చాలాచోట్ల ఆ కాగితం ఇన్సూరెన్స్ ఫైల్ కోసమే.

స్కాన్‌గది: సర్జన్ గారూ, చెయ్యి అన్నీ చెప్పదు. గజ్జలో ఉబ్బిందల్లా హెర్నియా కాదు. కాలికి పుండైతే కట్టే బిళ్ళ కావచ్చు. తొడ దగ్గర సిర ఉబ్బినా అచ్చం హెర్నియాలాగే దగ్గితే పొంగుతుంది, పడుకుంటే పోతుంది. రక్తం పారడాన్ని చూపే డాప్లర్ స్కాన్ పెడితే క్షణంలో తేలిపోతుంది. వరిబీజాన్ని హెర్నియా అనుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు.

కత్తీకుట్టూ: ఒప్పుకుంటాను. కానీ మీ రిపోర్టుల్లో సగం పడుకోబెట్టి చేసినవే కదా?

స్కాన్‌గది: అది మెషిన్ తప్పు కాదు, తొందర తప్పు. నా దగ్గర పేషెంట్‌ని ముందు పడుకోబెట్టి చూస్తాను, తర్వాత నిలబెడతాను. ముక్కు మూసుకుని పొట్ట బిగించి ముక్కమంటాను. పొట్ట గోడ లోపల పైకి పోయే ఒక రక్తనాళం ఉంటుంది, అదే మాకు హద్దురాయి. పేగో కొవ్వో దానికి బయటివైపు నుంచి జారితే ఒక రకం, లోపలివైపు నుంచి పొడుచుకొస్తే ఇంకో రకం. స్క్రీన్ మీద అది జారుతుంటే పేషెంట్‌కే చూపిస్తాను. జెల్ చల్లగా ఉందని విసుక్కున్నవాళ్ళే అది చూశాక ఆశ్చర్యపోతారు.

అత్తిలిఅమ్మాయి: మా అమ్మ సంగతి చెప్తాను. గజ్జలో గోళీకాయంత గడ్డ. ‘బిళ్ళే, యాంటీబయాటిక్ వాడండి’ అన్నారు ఒక డాక్టర్. మూడు వారాలు వాడాం. ఒక రాత్రి వాంతులు, కడుపు ఉబ్బరం. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే తొడ హెర్నియాలో (గజ్జకి కింద, తొడ మొదట్లో వచ్చేది) పేగు ఇరుక్కుందని అర్ధరాత్రి ఆపరేషన్ చేశారు. మొదటి రోజే ఒక్క స్కాన్ రాసుంటే ఇంత జరిగేదా? ఆడవాళ్ళకి హెర్నియా రాదనుకుంటారు అందరూ.

కత్తీకుట్టూ: అత్తిలి అమ్మాయి గారూ, మీ మాటకి ఎదురు లేదు. తొడ హెర్నియా ఆడవాళ్ళలోనే ఎక్కువ, ఇరుక్కునే ప్రమాదమూ ఎక్కువ. అలాంటి చోట స్కాన్ వెంటనే చేయించాలి. నా గొడవ ఇంకోటి. ఉబ్బే లేదు, ఒట్టి నొప్పి. స్కాన్‌లో కాస్త కొవ్వు కదిలితే ‘చిన్న హెర్నియా’ అని రాసేస్తారు. కోసి మెష్ (వల లాంటి అతుకు) వేస్తారు. నొప్పి తొడ కండరానిదైతే అది అలాగే ఉంటుంది. పైగా ఈ ఆపరేషన్ తర్వాత వందలో 10–12 మందికి చెప్పుకోదగ్గ నొప్పి నెలల తరబడి మిగులుతుందని ఆ మార్గదర్శకాలే రాశాయి.

కూతకొచ్చా: కబడ్డీ వాడిని, ఈ మాట నాకే తగిలింది. నా గజ్జ నొప్పికి ‘స్పోర్ట్స్ హెర్నియా’ అని పేరు పెట్టారు. ఫిజియో దగ్గరికి వెళ్తే, 2014లో దోహాలో నిపుణులంతా కూర్చుని అసలు ఆ పేరే వద్దనుకున్నారని చెప్పాడు. నాలుగు నెలలు తొడ కండరాలకి వ్యాయామం చేశాను. ఇప్పుడు మళ్ళీ కూతకి వెళ్తున్నా.

గోదారిగట్టు: మరి సర్జన్ గారే తన గదిలో చిన్న మెషిన్ పెట్టుకుని చూసుకోవచ్చు కదా?

స్కాన్‌గది: మన దేశంలో అంత తేలిక కాదండీ. లింగ నిర్ధారణను ఆపడానికి తెచ్చిన 1994 చట్టం కింద ప్రతి స్కాన్ మెషిన్నీ రిజిస్టర్ చేయించాలి. గజ్జలు చూడ్డానికే కొన్నా అంతే.

గోదారిగట్టు: అప్‌డేట్. ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగారని స్కాన్ చేయించాం. ఎడమవైపు హెర్నియా అని వచ్చింది, తెలిసిందే. కుడివైపు కూడా ‘చిన్న ద్వారం’ ఉందని రాశారు. ఇప్పుడు రెండువైపులా చేసేద్దామంటున్నారు!

కత్తీకుట్టూ: చూశారా! నేను భయపడింది దీనికే. మగవాళ్ళలో బాధ పెట్టని హెర్నియాని గమనిస్తూ ఉండొచ్చని 2006లోనే అమెరికాలో 720 మంది మీద చేసిన అధ్యయనం చూపించింది. అదీ చేతికి తెలిసేవాటికే. ఇది చేతికే దొరకలేదు.

స్కాన్‌గది: ఆ అధ్యయనంలో ఆగినవాళ్ళని తర్వాత చూస్తే పదేళ్ళలో మూడింట రెండొంతుల మంది ఆపరేషన్ చేయించుకున్నారు, అదీ చెప్పండి. ల్యాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) అయితే అవే మూడు రంధ్రాల్లోంచి రెండోవైపూ అయిపోతుంది. మళ్ళీ మత్తు ఎందుకు?

గోదారిగట్టు: మీరిద్దరూ తేల్చుకునేలోపు నాన్న తేల్చేశారు. ‘ఎడమది చేయించరా, కుడివైపు నాకేం లేదు’ అని పేపర్ చదువుకుంటున్నారు. అమ్మ మాత్రం ఆ రిపోర్ట్ తీసి మళ్ళీ మళ్ళీ చూస్తోంది.