సమస్య: తోటఁ గాచు చేపె తోటఁ దినును

మొగల్రాజపురం (సమస్య ఇచ్చినవారు):
ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. తోట అంటే మనం ఇళ్లలో పెంచుకునే పగడాల తొట్టి. కొత్తవారికి ఒక్క మాట: పగడం జంతువు. పువ్వులా విచ్చుకునేవి దాని చేతులు, వాటి నడుమ ఉన్నది దాని నోరు. కొన్ని చేపల కంటికి అది కంచంలో అన్నమే. కంచే చేను మేసే ఈ చిక్కును ఎలా విప్పుతారో చూద్దాం.

గుంటూరు బ్రాడీపేట:
ఆ.వె.
అందమనుచుఁ దెచ్చి యద్దాల తొట్టిలో
సీతకోక చేప నేసినాను
పగడపూలఁ జూచి పరుగెత్తె నోరూరి
తోటఁ గాచు చేపె తోటఁ దినును

ఇది నా మొదటి పద్యం. జరిగిందే రాశాను. అన్నిటితోనూ కలిసిపోతుందని షాపులో చెబితే నమ్మి తెచ్చాను. వారం తిరిగేసరికి ఒక్క పువ్వూ విచ్చుకోవడం లేదు.

మొగల్రాజపురం:
మూడో పాదం చదువుతుంటే ఆ చేప కళ్లముందే కదిలింది. రెండో పాదంలో యతి తప్పింది, ‘సీ’కి ‘నే’ పొసగదు. ‘చేపఁ జేర్చినాను’ అనండి, చాలు. అసలు లోటు వేరే ఉంది. సీతాకోకచిలుక చేప తోటను ఎప్పుడు కాచింది? సమస్యలో సగమే పూరించారు.

చేప సంగతికొస్తే, పువ్వుల అంచులు చిరిగి ఉన్నాయేమో దగ్గరగా చూడండి. మే నెలలో మన ఊళ్లలో కరెంటు పోయి, నీటిని చల్లబరిచే చిల్లర్ ఆగి, నీరు 30 డిగ్రీలు దాటినా పగడాలు ముడుచుకుంటాయి. చిరుగులుంటే మాత్రం చేప పనే.

పటమట:
ఆ.వె.
రాగి పట్టె చేప రక్కసి కలుపును
మేసి తుడిచివేసె, మెచ్చినాను;
కలుపు తీరినంతఁ గన్నేసెఁ బూలపై
తోటఁ గాచు చేపె తోటఁ దినును

కలుపు అంటే ఐప్టేసియా అనే చిన్న సముద్రజీవి. రాళ్ల సందుల్లో మొలిచి పక్కనున్న పగడాలను కుడుతుంది. గిల్లేస్తే మిగిలిన ముక్క నుంచే మళ్లీ లేస్తుంది. అందుకే రాగి పట్టె చేపను, అంటే కాపర్‌బ్యాండ్‌ను తెచ్చాను. సన్నటి మూతిని సందులోకి దూర్చి, ఒక్కసారి వెనక్కి లాగి పీకేసేది. కలుపు అయిపోయాక అదే మూతి గొట్టాల్లో బతికే ఈక పురుగుల మీద పడింది, ఆ తర్వాత పగడాల కండ మీద.

మొగల్రాజపురం:
ఇదీ పూరణ అంటే! కాచిందీ ఆ మూతే, తిన్నదీ ఆ మూతే. ‘రక్కసి కలుపు’ అనే మాట ఐప్టేసియాకు ఇకనుంచి నేనూ వాడుకుంటాను. ‘కన్నేసె’ వాడుక మాటని ఎవరైనా అన్నా మార్చకండి. అయితే ఈ జాతిలో ప్రతి చేపా పగడం జోలికి పోతుందని లేదు, ఏది పోతుందో ముందే చెప్పనూ లేం. తెచ్చాక కనిపెట్టి ఉండాల్సిందే.

గుణదల:
ఆ.వె.
పసుపు వన్నె చేప పాచి గీరును గాని
పూలఁ దాకఁబోదు పొరపడియును
కడుపు నింపుకొనును గడప దాటక తాను
తోటఁ గాచు చేపె తోటఁ దినును

చివరి ‘తోటన్’ను నేను సప్తమిగా తీసుకున్నాను. తోటలోనే తింటుంది, తోటను కాదు. పాచి పెరిగితే పగడాన్ని కప్పేసి ఊపిరాడనివ్వదు. దాన్ని గీరి తినే ఎల్లో ట్యాంగే కాపలాదారు.

మొగల్రాజపురం:
ఒక్క అక్షరం మార్చకుండా విభక్తితోనే విరోధం తీసేశారు. నేను ఊహించని దారి అక్కయ్యా, చాలా సంతోషంగా ఉంది.

పటమట:
పద్యం బాగుందండీ. ‘పొరపడియును’ దగ్గరే నాకు కొంచెం అభ్యంతరం. పాచి అయిపోయి ఆకలితో ఉన్న ట్యాంగ్ పగడాలను కొరికి చూడొచ్చు. రోజూ నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు పాచి) క్లిప్పుకు తగిలించాలి. ఈదడానికి కనీసం నాలుగడుగుల తొట్టీ కావాలి.

గుణదల:
నిజమే. ఆ పాదం ‘పూలఁ దాకఁబోదు పొట్ట నిండ’ అని మారుస్తున్నాను.

గుంటూరు బ్రాడీపేట:
యతి సరిచేశాను గురువుగారూ. అంచులు చిరిగే ఉన్నాయి. చేపను నిన్న వేరే తొట్టిలోకి మార్చాను. పొద్దున లైటు వేసిన గంటకు, మూలనున్న పగడంలో రెండు పువ్వులు సగం తెరుచుకున్నాయి.