శరణార్థి బాలుడికి కన్నతల్లి ఆచూకీ దొరికితే వెంటనే కలపాలా, ఆగాలా?

చర్చ ప్రారంభించినవారు:
యుద్ధం నుంచి ఒంటరిగా తప్పించుకుని వచ్చి పరాయి దేశంలో ఒక కుటుంబం నీడన పెరుగుతున్న బాలుడికి, కొన్నేళ్ల తర్వాత కన్నతల్లి బతికే ఉందని తెలిసిందనుకుందాం. అతడు చదువులోనూ కొత్త భాషలోనూ కుదురుకునే దాకా ఆగడమే మేలని నా అభిప్రాయం. మొదటి ఫోనులోనే తండ్రి చావు కబురు, తీర్చవలసిన అప్పులు, చెల్లెలి ఆకలి అన్నీ వినవలసి వస్తే పదిహేనేళ్లవాడు తట్టుకోగలడా?

ఒక సభ్యురాలి సమాధానం:
ఆగితే ఏమవుతుందో ఫిన్లాండ్ చవిచూసింది. 1939–44 మధ్య సోవియట్ యూనియన్‌తో జరిగిన యుద్ధాల కాలంలో సుమారు 70,000 మంది పిల్లలను, వివరాలు రాసిన చీటీలు మెడలో వేసి, ఎక్కువగా స్వీడన్‌కు పంపారు. వారిలో పసివయసున వెళ్లినవారు ఎందరో స్వీడిష్ నేర్చుకుని ఫిన్నిష్ మరచిపోయారు. తిరిగి వచ్చాక కన్నతల్లి ఏమంటున్నదో అర్థంకాక, అప్పటికే అమ్మగా మారిన పెంచినతల్లి కోసం ఏడ్చారు. కొన్ని వేల మంది అక్కడే ఉండిపోయారు. పెంచినవారు చెడ్డవారు కారు, పిల్లలను ప్రాణంగా చూసుకున్నవారే. తెగిపోయింది ప్రేమ కాదు, భాష. కనుక మీరు ఆగమంటున్న కాలంలో పిల్లవాడు ఉన్నచోటనే ఉండడు, తల్లికి దూరంగా జరుగుతూనే ఉంటాడు.

మన వాడుకలో పెంపకానికి ఇవ్వడం అంటే దత్తత అనే అర్థం స్థిరపడినందువల్ల ఈ విషయంలో కొంత తికమక పడుతున్నామేమో. శరణార్థి బాలుడిని సాకే కుటుంబానికి అప్పగించేది సంరక్షణ మాత్రమే. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోని 22వ అధికరణం తల్లిదండ్రుల ఆచూకీ తీయడంలో సహకరించాలని ప్రభుత్వాలకు చెబుతోంది. 20వది పిల్లవాడి మతాన్నీ సంస్కృతినీ భాషనూ దృష్టిలో ఉంచుకోవాలంటోంది.

చర్చ ప్రారంభించినవారు:
ఫిన్లాండ్ పిల్లలు తిరిగి వెళ్లడానికి ఒక దేశం మిగిలింది. ఆఫ్రికాలోని ఎరిత్రియా నుంచి వచ్చి ఇప్పుడు బ్రిటన్‌లో ఉన్న బాలుడి సంగతి వేరు. బ్రిటన్ కుటుంబ పునరేకీకరణ నియమాలు శరణార్థి బాలుడు తల్లిదండ్రులను రప్పించుకునే అవకాశం ఇవ్వవు. ఆశ పుట్టించి తలుపు మూయడం కాదా ఇది?

అదే సభ్యురాలు:
తలుపు మూసింది చట్టం. దానికి శిక్షగా తల్లి గొంతు కూడా వినిపించకుండా చేయడం న్యాయం కాదు. ఫోను ఒక్కటే మిగిలినప్పుడు ఆ బాలుడి మాతృభాష టిగ్రిన్యా నిలవడం మరింత అవసరం. వారానికి రెండు గంటలు ఆ భాషలో మాట్లాడే మనిషిని చూపించడం సంరక్షక కుటుంబానికి అంత కష్టమా?

చర్చ ప్రారంభించినవారు:
భాష విషయం ఒప్పుకుంటాను. అయితే తల్లి దొరికిందన్న మాట ఆ బాలుడికి ఈ రోజే చెప్పి, మొదటి ఫోను ఎప్పుడు, గదిలో ఎవరు ఉండాలి అన్నవి అతడికే వదిలేయాలి. వాటిని మీరూ నేనూ నిర్ణయించలేము.