ట్రిపుల్‌ఐటీ సీటుకు 0.4 కలపడం మెరిట్‌కు అన్యాయమా?

ఆదిలాబాద్ నాన్న:
బాసర ట్రిపుల్‌ఐటీకి పదో తరగతి జీపీఏ (సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల సగటు, పదికి) చూసి సీట్లిచ్చినన్నాళ్లూ సర్కారు బడి పిల్లలకు 0.4 కలిపారు. అంటే 9.5 వచ్చిన పిల్ల 9.9 అయిపోయి, 9.8 వచ్చిన పిల్లను దాటేసేది. ఆ రెండో పిల్ల తండ్రి ఆటో నడిపి ఊళ్లో చిన్న ప్రైవేటు బడికి ఫీజు కట్టి ఉండొచ్చు. వాళ్లేం ఉన్నోళ్లా? ఇలాగైతే చదువు ప్రమాణం నిలుస్తుందా?

లెక్కల టీచర్ (జడ్పీ హైస్కూల్):
అన్నా, ఆ జీపీఏనే ఒకసారి విప్పి చూడండి. అప్పట్లో లెక్కల్లో 91 వచ్చినా 100 వచ్చినా పది పాయింట్లే ఇచ్చేవారు. 90 వస్తే తొమ్మిది. ఆరు సబ్జెక్టుల్లో లెక్కలు, సైన్సు రెండింట్లో 91కి ఒక్కో మార్కు తగ్గితే చాలు, మొత్తం 9.7కు దిగిపోయేది. పైగా తెలంగాణలో వందకు 20 మార్కులు ఇంటర్నల్స్, బడి వేసేవే. అవి ఎక్కడ ఎంత ధారాళంగా పడేవో మనకు తెలియదా? ఇంత ముతక కొలతలో 0.3 తేడా చూపించి ఇదే ప్రతిభ అంటే నేను ఒప్పుకోను. ఫిజిక్స్ సార్ లేని ఏడాది మా పిల్లలు గైడు పట్టుకుని సొంతంగా చదివారు. అలా తెచ్చుకున్న 9.5 మెరిట్ కాదా?

ఆదిలాబాద్ నాన్న:
అది మెరిటే సార్, కాదనను. కానీ ఏ బడి అని చూసి కాదు, ఇంటి ఆదాయం చూసి కలపండి.

లెక్కల టీచర్:
ఆదాయం సర్టిఫికెట్ పలుకుబడి ఉన్నవాళ్లు ఎలాగైనా తెచ్చుకుంటారు. బడి రికార్డు మార్చడం అంత తేలిక కాదు. అయినా చిన్న ప్రైవేటు బడుల పేద పిల్లల సంగతి మీరన్నది నిజం, వాళ్లకూ ఏదో దారి ఉండాలి.

పూర్వ విద్యార్థి (బాసర ట్రిపుల్‌ఐటీ):
ప్రమాణం మాటకొస్తే, ఆ 0.4 గేటు దగ్గరే ఆగిపోతుంది. లోపల ఆరేళ్లు, అంటే ఇంటర్‌లాంటి రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ అందరికీ ఒకటే పేపరు, అవే పాస్ మార్కులు. 2022 జూన్‌లో బాసర పిల్లలు వానలో తడుస్తూ గేటు దగ్గర కూర్చున్నారు, గుర్తుందా? వాళ్లు అడిగింది రెగ్యులర్ వీసీని, చాలినంత మంది అధ్యాపకులను, సరైన తిండిని. ప్రమాణం పడిపోతుందని బాధపడేవాళ్లు ఆ పోస్టులు ఎప్పుడు నింపుతారని సర్కారును నిలదీయాలి.