లేవ్‌స్కీ రాసుకున్న 'నరోదే????' తెలుగులో ఏమనాలి?

బల్గేరియా విప్లవకారుడు వసీల్ లేవ్‌స్కీ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నా. ఆయన జేబు పుస్తకంలో ఒకచోట "నరోదే????" అని ఉంది, అవును, నాలుగు ప్రశ్నార్థకాలు. నేను "ప్రజలారా????" అని పెడితే మైకు పట్టుకున్నట్టు వచ్చింది. ఏం చేయమంటారు?

*

మేడం, ఆ మైకు 'లారా'తోనే వచ్చింది. నరోద్ ఏకవచనం, అంటే జనం మొత్తం కలిపి ఒక్కటి. చివరి 'ఏ' సంబోధన. బల్గేరియన్‌లో నామవాచకాలకు విభక్తులు దాదాపు పోయాయి గానీ పిలుపు మాత్రం మిగిలింది, అమ్మ 'మైకా' అయితే పిలిచేటప్పుడు 'మైకో'. కాబట్టి "జనమా????" అనండి, త్యాగరాజు మనసును 'మనసా' అని పిలుచుకున్నట్టు.

పైగా అది ఉపన్యాసం కాదు, ఖర్చుల లెక్కలు రాసుకునే పుస్తకం. విప్లవ కమిటీ సొమ్ము కదా, పైసా పైసా లెక్క రాసేవాడాయన. 1867లో తిరుగుబాటు నాయకుడు పనాయోత్ హితోవ్ దళంలో జెండా మోశాడు, బయటి నుంచి దళాలొచ్చి దాడి చేస్తే ఒట్టోమన్ పాలన కూలదని ఆ తర్వాత తెలిసొచ్చింది. జనాన్నే లోపల్నుంచి సిద్ధం చేయాలని మారువేషాల్లో ఊరూరా తిరిగి రహస్య కమిటీలు పెట్టాడు. అంత నమ్ముకున్న జనాన్నే పిలిచి అడుగుతున్నాడు ఇక్కడ.

*

'జనమా' అంటే నాకు తిరునాళ్ల గుంపే కనిపిస్తోందండీ. 'జాతి' బాగుంటుందేమో?

*

'జాతీ????' అని ఎవర్ని పిలుస్తాం సార్, పలికి చూడండి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆయన కోరుకున్న రిపబ్లిక్‌లో బల్గేరియన్లు, టర్కులు, యూదులు అందరూ సమానమే, 'జాతి' అంటే మన పాఠకుడికి అది ఇరుకైపోతుంది. హితోవ్‌కి రాసిన ఉత్తరంలోనూ ఇదే నరోద్: గెలిస్తే జనమంతా గెలుస్తుంది, ఓడితే నన్ను మాత్రమే పోగొట్టుకుంటాను, అని. ఉత్తి మాట కాదు, 1872 చివర్లో కాక్రినా సత్రం దగ్గర పట్టుబడ్డాడు, 1873 ఫిబ్రవరిలో సోఫియాలో ఉరి తీశారు. రెండు చోట్లా ఒకే తెలుగు మాట నిలబడాలి, 'జనం' నిలబడుతుంది.

*

సరే, 'జనమా' ఖాయం. ముందు 'ఓ' తగిలించనా?

*

వద్దు మేడం, పద్యమైపోతుంది. ప్రూఫులు దిద్దేవాళ్లు నాలుగు ప్రశ్నార్థకాల్లో మూడు కొట్టేస్తారు, పక్కన 'మూలంలో ఇలాగే ఉంది' అని ఇప్పుడే రాసిపెట్టండి.