దత్తత బిడ్డతో సింగపూర్: ఇప్పుడే పోవాలా, ఆగాలా?

కావలి అమ్మ
అందరికీ నమస్కారం. కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా ద్వారా మాకు ఒడిశా నుంచి పాప వచ్చింది. తనకి రెండేళ్లు నిండబోతున్నాయి. కలెక్టర్ దత్తత ఉత్తర్వు, మా పేర్లతో బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు అన్నీ చేతికొచ్చాయి. ఇప్పుడు మా ఆయన్ని ఆఫీసువాళ్లు నెలన్నర సింగపూర్ పంపుతున్నారు. ఆయన మమ్మల్నీ రమ్మంటున్నారు, ఊరంతా చూపిస్తానని. పాప ఇప్పుడిప్పుడే నా చేత్తో పెడితే అన్నం తింటోంది. అత్తమ్మ మాత్రం బిడ్డని ఇప్పుడే ఎక్కడికీ తిప్పొద్దంటున్నారు. మీరేమంటారు?

ఒంగోలు టీచరమ్మ
వద్దమ్మా. శిశుగృహలో ఆ బిడ్డకి తెలిసిన ఆయమ్మలు, పక్క పిలకాయలు, పడక, అన్నం రుచి అన్నీ ఒక్కరోజులో పోయాయి. చుట్టూ వినిపించే భాష కూడా మారిపోయింది. మా చెల్లెలు పాపను తెచ్చుకున్న కొత్తలో, తను స్నానానికి పోయి తలుపేసుకుంటే చాలు, ఆ పిల్ల తలుపు దగ్గర పడి ఏడ్చేది. అది తగ్గడానికి నెలలు పట్టింది. ఇప్పుడు మళ్లీ చెన్నై ఎయిర్‌పోర్టు, నాలుగు గంటల విమానం, కొత్త గది అంటే బిడ్డ ఏమనుకుంటుంది? మళ్లీ ఎవరికో ఇచ్చేస్తున్నారనుకోదా? తిరిగి ఇంటికే వస్తామని రెండేళ్ల పిల్లకి ఎట్టా చెప్తావు?

ట్రంకురోడ్డు, నెల్లూరు
టీచరమ్మ గారూ, మీరు చెప్పిన భయం నిజమే. కానీ ఆ పాపకి కావలి కూడా విదేశమే గదా. నేను చూసేది బిడ్డ ఎన్ని చేతులు మారుతోందని. మా బాబు వచ్చిన కొత్తలో ఇంటినిండా చుట్టాలే. బారసాల, పెంచలకోనలో పుట్టెంట్రుకలు, ఇరుగుపొరుగు, అందరూ ఎత్తుకుని చాక్లెట్లు పెట్టేవాళ్లే. వాడు పిలిచిన వాళ్లందరి దగ్గరికీ పోతుంటే ఎంత కలుపుగోలుతనమో అని మురిసిపోయారు. ఇల్లు చూడ్డానికొచ్చిన సోషల్ వర్కర్ మాత్రం వేరే మాట చెప్పింది. తేడా లేకుండా ఎవరి దగ్గరికైనా పోతున్నాడంటే అమ్మానాన్న ఎవరో వాడి మనసులో ఇంకా కుదురుకోలేదని, కొన్నాళ్లు తినిపించడం, ఎత్తుకోవడం, నిద్రపుచ్చడం మీ ఇద్దరే చేయండని. ఇక్కడ చుట్టాలకి ఆ మాట చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు. సింగపూర్లో ఆ పాపకి కనపడేవి రెండు ముఖాలే. అందుకే పొమ్మంటాను. ఊరంతా చూడాలన్న ఆశ మాత్రం వదులుకోండి.

సింగరాయకొండ తమ్ముడు (సింగపూర్ నుంచి)
అక్కా, ఇక్కడికొచ్చేవాళ్లు మెర్లయన్, గార్డెన్స్ బై ద బే, జూ అన్నీ ఒకే రోజులో పెట్టుకుంటారు. పాపతో అట్టా చేయొద్దు. బొటానిక్ గార్డెన్స్ 1859 నాటిది, 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది, లోపలికి టికెట్ లేదు. అందులోనే జేకబ్ బాలస్ అని పిలకాయల తోట ఉంది. వెంట పిల్లలుంటేనే పెద్దవాళ్లని రానిస్తారు. రోజూ పొద్దున్నే బొటానిక్ గార్డెన్స్‌కే తీసుకుపోండి, అదే దారి, అదే చెట్టు కింద కూర్చోండి. మనకి విసుగొస్తుందేమో గానీ, రేపు ఏం జరుగుతుందో తెలిసిన బిడ్డకి ధైర్యం వస్తుంది. రైల్లో 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. లోపల తినడం, తాగడం మాత్రం నిషేధం, జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంటుంది. ఎక్కే ముందే పాలు పట్టించేయండి. టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు, అందుకని మొదటి రోజుల్లో నిద్ర తారుమారవుతుంది. బియ్యం, పప్పు, కరివేపాకు లిటిల్ ఇండియాలో దొరుకుతాయి.

బుచ్చి నాన్న
ఒక మాట. దత్తత బిడ్డ ఎట్టా ఉందో చూసి ఆర్నెల్లకోసారి రెండేళ్లపాటు రాసే ఫాలోఅప్ రిపోర్టు ఉంటుంది గదా, బయల్దేరే ముందు అది రాసేవాళ్లకి చెప్పండి. దత్తత ఉత్తర్వు కాపీ సూట్‌కేసులో వేయకండి, చేతిసంచిలో ఉంచుకోండి. పాప మీ పోలికలో లేదని ఎవరైనా అడిగితే ఆ బిడ్డ ముందు కథంతా చెప్పుకోనక్కర్లేదు. కాగితం చూపిస్తే చాలు.

ఒంగోలు టీచరమ్మ
ట్రంకురోడ్డు గారూ, రెండు ముఖాలన్నారు. ఆయన పొద్దున ఆఫీసుకి పోతే మిగిలేది ఒక్క ముఖమే. ఈ అమ్మాయికి జ్వరమొస్తే పాపను ఎవరు చూస్తారు? కావలిలో అయితే కనీసం అత్తమ్మ ఉంటారు. ఆవిడ పాపని ఎత్తుకోకపోయినా వంటయినా చేసిపెడతారు. బాలింతకి మనింట్లో ఎంత సాయం చేస్తామో, ఈ అమ్మాయికీ అంత కావాలి. కడుపున మోయలేదని ఆ అలసట తక్కువా?

ట్రంకురోడ్డు, నెల్లూరు
ఆ మాట ఒప్పుకుంటాను. మొదటి వారం ఆయన సెలవు పెట్టలేకపోతే నేనూ వద్దనే అంటాను.

కావలి అమ్మ
టీచరమ్మ గారూ, బాలింత అన్న మాట చదివి ఏడుపొచ్చింది. ఇంతవరకు నాతో ఎవరూ అట్టా అనలేదు. మా ఆయనతో మాట్లాడాను. వారం సెలవు అడుగుతానన్నారు, హోటల్ బదులు వంటగది ఉన్న ఫ్లాటు ఇప్పించమని కూడా. రెండూ కుదిరితే పోతాం, లేకుంటే ఆయనొక్కరే పోతారు. పాప దుప్పటి ఉతక్కుండా అట్టే తీసుకుపోదామనుకుంటున్నా, వాసనకి అలవాటు పడింది.

ఒంగోలు టీచరమ్మ
నాకింకా మనసొప్పడం లేదు, అయినా పోతే గనక పగటి విమానం ఉందేమో చూడమ్మా. అత్తమ్మతో పాపకి రోజూ వీడియో కాల్ చేయించు. దుప్పటి మాత్రం ఉతకొద్దు.